ఈమెయిల్‌లో వచ్చిన పెద్దరికం: జాంబియాలో ఒక యువ మిషనరీ కేసు

విదేశాల్లో పరిచర్య చేస్తున్న మన తెలుగు యువతీయువకులకు అండగా ఉండటం నా పని. సంఘ కాపరిగా చాలాకాలం ఉండి, ఆ తర్వాత కౌన్సెలింగ్‌లో శిక్షణ తీసుకుని ఈ పనిలోకి వచ్చాను. ఈ కేసు రాయడానికి ఆ యువకుడు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నాడు, రాసినదంతా చదివి చూశాడు. అతని పేరు, పంపిన సంస్థ పేరు, అక్కడి ఊరి పేరు ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

అతనికి అప్పుడు ఇరవై ఏడేళ్లు. కోస్తా జిల్లాలో కూలి పనులు చేసుకునే కుటుంబం. డిగ్రీ అయ్యాక వేదాంత విద్య చదివి, జాంబియాలోని రాగి గనుల ప్రాంతానికి యువజన పరిచర్య కోసం వెళ్లాడు. కిత్వే, ఎన్డోలా, లువాన్ష్యా పట్టణాలున్న ప్రాంతం అది. బెంబా భాష అక్కడ అందరినీ కలుపుతుంది. ఏడాది తిరగకుండానే ఆ భాషలో ప్రసంగించగలిగాడు. పిల్లలు అతని చుట్టూ మూగేవారు. బృందంలో అతనితో పాటు తమిళనాడుకు చెందిన దంపతులు ఉండేవారు, ఆమె నర్సు. వీరందరికీ నాయకుడు యాభై దాటిన ఒక తెలుగు పాస్టరు. చుట్టుపక్కల పల్లెల్లోని పదకొండు చిన్న సంఘాలతో కలిసి వీళ్లు పనిచేసేవారు.

2024 జనవరిలో ఆ పెద్దాయనకు గుండె జబ్బు బయటపడింది. వారం తిరగకుండానే శస్త్రచికిత్స కోసం హైదరాబాద్ వచ్చేశారు. మరుసటి వారం వీళ్లను పంపిన సంస్థ కమిటీ నుంచి ఆ యువకుడికి ఈమెయిల్ వచ్చింది. ఇక నుంచి బృంద నాయకత్వం, సంఘాల పర్యవేక్షణ, డబ్బు లెక్కలు అతనివే. ఆ ఉత్తరం నేను చూశాను. ప్రేమతో రాసిన ఉత్తరమే. చివర ప్రార్థన కూడా ఉంది. అక్కడి సంఘ పెద్దలకు ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పాలో మాత్రం అందులో ఒక్క మాట కూడా లేదు.

నా దగ్గరకు వచ్చినప్పటి పరిస్థితి

ఫోనులో అతను మొదట అన్న మాట ఇది: "అయ్యగారూ, నేను ఏం చెప్పినా అందరూ సరే అంటారు. ఏదీ జరగదు."

నిద్ర లేదు. అర్ధరాత్రి దాటేదాకా లెక్కలు, నివేదికలు. బరువు తగ్గాడు. చిన్న మాటకే కసురుకుంటున్నాడు. ప్రసంగం తయారు చేసుకోవడానికి తప్ప బైబిలు తెరవడం లేదు. ఇంటికి ఫోను చేస్తే తల్లి గొంతులోనే కనిపెట్టేస్తుందని ఫోను చేయడం మానేశాడు. ఈ చివరిది నన్ను అన్నింటికన్నా ఎక్కువ కలవరపెట్టింది.

ఇలాంటి కేసుల్లో నేను ముందు ఒంటి సంగతి తేలుస్తాను. మలేరియా ప్రాంతంలో ఉన్నవాడు నీరసంగా ఉంది, చిరాకుగా ఉంది అంటే ఆత్మీయ జీవితం గురించి మాట్లాడే ముందు రక్త పరీక్ష చేయించాలి. మలేరియా రాకుండా ఏ మందు వాడుతున్నాడో కూడా అడిగాను. మెఫ్లోక్విన్ వాడేవారిలో కొందరికి నిద్ర, మానసిక స్థితి దెబ్బతింటాయి. అతను ఆ మందు వాడటం లేదు. పరీక్షల్లో మలేరియా లేదు, కొంచెం రక్తహీనత కనిపించింది. కుంగుబాటు గురించి అడగవలసిన ప్రశ్నలన్నీ అడిగాను. చనిపోవాలన్న తలంపు లేదు, చేసే పని మీద ఇష్టం చావలేదు. అయినా అక్కడి డాక్టరును నెలకోసారి కలవాలని మాట తీసుకున్నాను.

కమిటీలో ఒకరు దీన్ని సంస్కృతి తాకిడి అన్నారు. 1950లలో కలెర్వో ఓబర్గ్ అనే మానవ శాస్త్రవేత్త ఈ భావనను బాగా ప్రచారంలోకి తెచ్చాడు. కొత్త దేశంలో మొదట మురిపెం, తర్వాత విసుగు, ఆ తర్వాత మెల్లగా సర్దుకోవడం. ఆ వరస ఈ అబ్బాయికి మొదటి ఏడాదిలోనే అయిపోయింది. మొక్కజొన్న పిండితో వండే న్‌షీమాను చేత్తో ముద్ద చేసుకుని తినడం, పెద్దల ముందు ఒంగి చప్పట్లతో పలకరించడం, ఏ వస్తువైనా రెండు చేతులతో అందుకోవడం అన్నీ అలవాటయ్యాయి. ఊరు కొత్త కాదు, ఆ ఊళ్లో అతను నిలబడ్డ చోటు కొత్త. నిన్నటిదాకా అందరికీ తమ్ముడు. ఇవాళ అందరికీ పైవాడు. ఈ రెండో సర్దుబాటుకు అతన్ని ఎవరూ సిద్ధం చేయలేదు.

ఇంకో సంగతి. జాంబియా సువార్త తెలియని దేశం కాదు. 1873లో స్కాట్లాండ్ మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ కన్నుమూసిన చితాంబో ఆ దేశంలోనిదే. పలు మిషన్ల సంఘాలు కలిసి 1965లో యునైటెడ్ చర్చ్ ఆఫ్ జాంబియాగా ఏర్పడ్డాయి. 1991లో అధ్యక్షుడు చిలూబా దేశాన్ని క్రైస్తవ దేశంగా ప్రకటించారు. అంటే మన అబ్బాయి పర్యవేక్షించవలసిన పాస్టర్లలో కొందరు అతను పుట్టకముందే సంఘాలు కాసినవారు. అలాంటి చోట మిషనరీ అతిథి. అతిథి చేతికి ఇంటి తాళాలు ఇచ్చింది ఇంటివాళ్లు కాదు, వేల మైళ్ల దూరంలో ఉన్న కమిటీ. నా అంచనాలో సమస్య అంతా ఇక్కడే ఉంది. అతని సామర్థ్యంలో లేదు, భక్తిలో అసలే లేదు.

పిండి బస్తాల జాబితా

ఆ ఏడాది వానలు ముఖం చాటేశాయి. ఎల్ నినో కరవుకు దేశంలో మొక్కజొన్న పంట చాలా భాగం ఎండిపోయింది. ఫిబ్రవరి 29న అధ్యక్షుడు హిచిలేమా జాతీయ విపత్తు ప్రకటించారు. కరీబా జలాశయం అడుగంటడంతో రోజులో చాలా గంటలు కరెంటు ఉండేది కాదు. రాగి గనుల ప్రాంతంలో వాన మరీ అంత తప్పలేదు గాని, మొక్కజొన్న పిండి ధర అక్కడా మండిపోయింది. ఇక్కడి సంఘాలు చందాలు వేసి పంపాయి. ఆ డబ్బుతో అతను ఇరవై అయిదు కిలోల బస్తాలు అరవై కొన్నాడు.

ఎవరికి ఇవ్వాలి? అతను నిజాయితీగా కూర్చుని కంప్యూటర్‌లో పట్టిక తయారు చేశాడు. విధవరాలైతే ఇన్ని పాయింట్లు, అయిదేళ్లలోపు పిల్లలుంటే ఇన్ని, సంపాదించే కొడుకుంటే ఇన్ని తగ్గింపు. ఆదివారం ఆరాధన అయ్యాక జాబితా చదివాడు. ఎవరూ కిక్కురుమనలేదు. బస్తాలు పంచారు.

ఆ రాత్రి బస్తాలు తీసుకున్నవారిలో కొందరు వాటిని అక్కడి స్థానిక సంఘాల పెద్ద పాస్టరు ఇంటికి మోసుకెళ్లారు. అక్కడ గిన్నెలతో కొలిచి మళ్లీ పంచుకున్నారు. జాబితాలో లేని ఇళ్లకూ పిండి వెళ్లింది. మర్నాడు ఈ సంగతి తెలిసి అతను మండిపడ్డాడు. దాతలకు ఏమని లెక్క చెప్పాలి? సంఘ పెద్దల ఫోను గ్రూపులో, దేవుని సొమ్మును ఇష్టం వచ్చినట్లు మార్చే హక్కు మీకెవరిచ్చారని రాశాడు. ఆ సందేశానికి ఎవరూ జవాబు రాయలేదు. దాని తర్వాతే నాకు ఫోను చేశాడు.

జాబితాలో లేని ఒక ఇంటి సంగతి చెబుతాను. ఒక ముసలామె నలుగురు మనవల్ని పెంచుతోంది. ఎయిడ్స్ విరుచుకుపడ్డ ఏళ్ల నుంచీ కన్నవాళ్లు పోయిన పిల్లల్ని అమ్మమ్మలు, నానమ్మలు సాకడం అక్కడ ప్రతి ఊళ్లో కనిపిస్తుంది. ఆమెకు గనిలో పనిచేసే కొడుకు ఉన్నాడు కాబట్టి పట్టికలో పాయింట్లు తగ్గాయి. ఆ కొడుకు పని పోయి అప్పటికి చాలా నెలలైంది. పరువు కోసం అతనా మాట ఎవరితోనూ అనలేదు. పెద్ద పాస్టరుకు మాత్రం తెలుసు. ఆదివారం సభలో ఆ మాట అనడం అంటే ఆ కుటుంబాన్ని పదిమందిలో నిలబెట్టడమే. అందుకే ఆయన నోరు విప్పలేదు. రాత్రి తన ఇంటి దగ్గర సరిచేశాడు.

ఇది అవినీతి కాదని మన యువకుడికి అర్థమయ్యేలా చెప్పడం తేలికే. ఆ కోపంలో న్యాయం కూడా ఉందని ఒప్పుకోవడం కష్టం, అది నేను కావాలనే చేశాను. దాతల డబ్బుకు లెక్క ఉండాలి. కొలత తెలియని పంపకంలో బంధుప్రీతికి చోటుంటుంది. లెక్క రాసేవాడు, ఇళ్ల గుట్టు తెలిసినవాడు పంపకానికి ముందే ఒకచోట కూర్చోవాలి. ఇక్కడ ఆ కూర్చోవడమే జరగలేదు.

పెద్ద పాస్టరు చెప్పిన మాట

కొన్నాళ్లకు నేను అక్కడికి వెళ్లాను. ఇలాంటి కేసులు ఫోనులో ఒకవైపు మాటే విని తేల్చేవి కావు. ఆ ఊళ్లో ఇన్సాకా ఉంది. గోడలు లేని గుండ్రటి పూరిపాక, మన రచ్చబండ లాంటి చోటు. పెద్ద పాస్టరు నన్ను అక్కడ కూర్చోబెట్టి చాలాసేపు మా ఇంటివాళ్ల సంగతులు, మా పంటల సంగతులు అడిగారు. నేనూ అడిగాను. అసలు సంగతికి రావడానికి సాయంత్రమైంది.

ఆయన అన్నది ఇది: "అబ్బాయి మంచివాడు. మా భాష మాట్లాడతాడు. కానీ ఆ ముసలాయన మాకు చెప్పకుండా వెళ్లిపోయాడు. మేము ఆయన కోసం ప్రార్థన కూడా చేయలేకపోయాం. మర్నాడు ఆయన కుర్చీలో ఈ అబ్బాయి కూర్చున్నాడు. ఎవరు కూర్చోబెట్టారు? మేము కాదు."

ఆ తర్వాత ఇంకొక మాట, కాస్త ఆగి: "మా అక్క చనిపోయినప్పుడు వచ్చాడు. ప్రార్థన చేశాడు. కవరు ఇచ్చాడు. వెళ్లిపోయాడు."

నాయకత్వం చేతికొచ్చిన కొత్తలో జరిగిన సంగతి అది. అక్కడ చావు ఇంట సమాధి అయ్యేదాకా జనం ఉండిపోతారు. ఆడవాళ్లు లోపల చాపల మీద, మగవాళ్లు బయట నెగడు చుట్టూ. రాత్రంతా పాటలు సాగుతాయి. అతను అరగంట ఉండి లేచాడు. కమిటీతో వీడియో సమావేశం ఉంది, మొదటి నివేదిక ఇవ్వాలి. తనకు అది బాధ్యత. చూసినవాళ్లకు మాత్రం, కుర్చీ ఎక్కినవాడికి నేల మీద కూర్చునే తీరిక లేదు. బస్తాల గొడవకు ముందే ఇది మనసుల్లో పడి ఉంది. అతను ఏం చెప్పినా సరే అని ఊరుకోవడం ఆనాటి నుంచే మొదలైంది.

పెద్ద పాస్టరు భార్య ఇంకో కారణం చెప్పింది. "పెళ్లి కాలేదు కదా, ఇంకా పిల్లవాడే." ఆ మాటలో కోపం లేదు, ఉన్న సంగతి చెప్పింది. మన పల్లెల్లోనూ పెళ్లికాని కుర్రవాడు పంచాయతీలో తీర్పు చెబితే ఎవరు వింటారు?

చేసిన పని

మొట్టమొదట జరగవలసింది సరైన అప్పగింత. హైదరాబాద్‌లో కోలుకుంటున్న పాత నాయకుడితో మాట్లాడాను. ఆయన మనసులోనూ ఆ వెలితి ఉంది. ఒక శనివారం సాయంత్రం ఇన్సాకాలో పెద్దలందరూ కూర్చున్నారు. కరెంటు లేదు. సోలార్ దీపం వెలుతురులో నర్సమ్మ భర్త ఫోను ఎత్తి పట్టుకున్నాడు. మన పెద్దాయన తెరమీదకు వచ్చి, చెప్పకుండా వచ్చేసినందుకు మన్నించమని వాళ్ల భాషలో అడిగారు. తన జబ్బు గురించి చెప్పారు. సిగ్నల్ రెండుసార్లు తెగింది, ఎవరూ లేవలేదు. చివరికి ఆయన, "ఈ కుర్రవాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నాను, మీరు నేర్పండి" అన్నారు. పెద్ద పాస్టరు లేచి, యువకుణ్ణి మోకాళ్ల మీద కూర్చోమని, మిగతా పెద్దలతో కలిసి తలమీద చేతులుంచి ప్రార్థించారు. కమిటీ ఉత్తరం ఇవ్వలేనిది అతనికి ఆ సాయంత్రం అందింది.

ఇంత చేసినా పని మొత్తం సర్దుకుందని కాదు. తర్వాత మేమిద్దరం ఒక కాగితం మీద మూడు గడులు గీశాం. అతను ఒక్కడే నిర్ణయించేవి ఒకదాంట్లో, పెద్దలతో కూర్చుని నిర్ణయించేవి రెండోదాంట్లో, పెద్దలు నిర్ణయించి అతనికి చెప్పేవి మూడోదాంట్లో. మొదటిసారి రాసినప్పుడు మొదటి గడి కిక్కిరిసిపోయింది, మూడోది దాదాపు ఖాళీ. ఆ కాగితాన్ని పెద్ద పాస్టరు దగ్గరకు తీసుకెళ్లి ఆయన్ను నింపమన్నాం. ఆయన నింపాక మొదటి గడిలో యువజన పరిచర్య, బృందం జీతాలు, కమిటీకి నివేదికలు మిగిలాయి. సంఘ క్రమశిక్షణ, ఎవరి ఇంటికి ఎంత సాయం, పెళ్లిళ్లు, చావులు అన్నీ మూడో గడిలోకి వెళ్లాయి. రెండో గడిలో సాయం కోసం వచ్చే డబ్బు మొత్తం, కొత్త సంఘాల ఆరంభం. యువకుడి ముఖంలో మొదట అవమానం, కాసేపటికి ఊరట కనిపించాయి. అర్ధరాత్రి దాకా అతన్ని మేలుకొలిపినవాటిలో సగం అసలు అతని పనులే కావు.

నాయకత్వం చేపట్టే యువకులతో ఈ కసరత్తు నేను తప్పకుండా చేయిస్తాను, కాగితాన్ని స్థానిక పెద్దల చేతికి తప్పకుండా ఇస్తాను. మనలో మనమే నింపుకుంటే అది మన ఊహే అవుతుంది.

అతని గదిలో గోడకు ఒక వాక్యం అంటించి ఉంది. తన యౌవనాన్ని బట్టి ఎవరూ తృణీకరించకుండా చూసుకోమని పౌలు తిమోతికి చెప్పిన మాట, మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలోది. రోజూ దాన్నే పట్టుకుని ప్రార్థిస్తున్నాడు. ఆ వచనం చివరిదాకా, ఆపైన అయిదో అధ్యాయం మొదటి వచనం దాకా నాతో కలిసి చదివాడు. గౌరవం అడిగి పుచ్చుకోమని పౌలు చెప్పలేదు. విశ్వాసులకు మాదిరిగా ఉండమన్నాడు, వృద్ధుణ్ణి గద్దించకుండా తండ్రిలా చూడమన్నాడు. ఫోను గ్రూపులో రాసిన సందేశం గుర్తొచ్చిందో ఏమో, చాలాసేపు మాట్లాడలేదు. ఆ రోజే పెద్ద పాస్టరు ఇంటికి వెళ్లి క్షమాపణ అడిగి వచ్చాడు. వెళ్లమని నేను చెప్పలేదు.

తర్వాత నెలలో గాయక బృందంలోని ఒక కుర్రవాడు రోడ్డు ప్రమాదంలో పోయాడు. మన యువకుడు రెండు రాత్రులూ ఆ ఇంట నెగడు దగ్గరే ఉన్నాడు. మాట్లాడమని ఎవరూ అడగలేదు, అతనూ ప్రయత్నించలేదు. కట్టెలు ఎగదోశాడు, నీళ్లు మోశాడు. మూడో ఉదయం సమాధి దగ్గర వాక్యం చదవమని పెద్ద పాస్టరు అతన్నే పిలిచారు. పిండి బస్తాల సంగతి ఆయన తనంతట తాను ఎత్తింది ఆ దారిలోనే. గనిలో పని పోయిన కొడుకు గురించి అతనికి తెలిసింది అప్పుడే.

నిద్ర, తిండి, విశ్రాంతి గురించి పెట్టిన నియమాలు క్లుప్తంగా: వారంలో ఒక పూర్తి రోజు సెలవు, రాత్రి తొమ్మిది తర్వాత లెక్కలు బంద్, ఆదివారం సాయంత్రం తల్లికి ఫోను. మొదటి ఆదివారం ఆమె మాట్లాడకుండా ఏడ్చిందట. రెండో ఆదివారం పెళ్లి సంబంధాల జాబితా చదివిందట.

పంపినవారితో మాట్లాడినవి

యువకుణ్ణి సరిదిద్ది కమిటీని వదిలేస్తే ఈ కథ ఇంకో దేశంలో ఇంకో అబ్బాయితో మళ్లీ జరుగుతుంది. అందుకే నా నివేదికలో ఎక్కువ భాగం వాళ్లకే రాశాను.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో మన దోర్నకల్ ప్రాంతంలో పరిచర్య చేస్తున్న అజరయ్య గారు లేచి, పాశ్చాత్య మిషనరీలు ఎంత త్యాగం చేసినా భారతీయ సేవకులతో స్నేహం చేయడం లేదని నిర్మొహమాటంగా చెప్పారు. మాకు స్నేహితులను ఇవ్వండి అని అడిగారు. రెండేళ్లకు ఆయనే దోర్నకల్ బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. ఆ మాటకు మనవాళ్లు ఇప్పటికీ గర్వపడతారు. ఇప్పుడు డబ్బు పంపేది, నాయకుణ్ణి నియమించేది మనం. ఆ రోజు అజరయ్య గారు ఎవరి ఎదుట నిలబడి మాట్లాడారో, జాంబియా పెద్దాయన ఎదుట ఈ రోజు మనం అదే చోట కూర్చున్నాం. కమిటీ సభ్యులకు ఇది నచ్చలేదు. అయినా కొట్టిపారేయలేదు.

నేను అడిగినవాటిలో కొన్ని ఒప్పుకున్నారు. ఇకమీదట నాయకుడు మారితే స్థానిక పెద్దల సమక్షంలో అప్పగింత జరగాలి. జబ్బు వచ్చి హఠాత్తుగా మారవలసి వస్తే ఆరు నెలలపాటు పెద్ద పాస్టరే తాత్కాలికంగా బాధ్యత చూడాలి, యువకుడు ఆయన కింద పనిచేయాలి. నెలవారీ నివేదికలో బాప్తిస్మాల సంఖ్య, కూటాల సంఖ్య అడిగే గడులు ఉంచి, స్థానిక పెద్దలు సొంతంగా రాసే ఒక పేజీ చేర్చారు. సాయం డబ్బుకు ఇద్దరి సంతకాలు, యువకుడిది, పెద్ద పాస్టరుది. బృందం నడిపే ఖర్చుల ఖాతా మీద మాత్రం ఒక్క సంతకమే ఉండాలని పట్టుపట్టారు. దీనికి నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. ఎవరినీ అడగనక్కరలేని డబ్బు చేతిలో ఉన్నంతకాలం ఆ కుర్రవాణ్ణి జనం ఆ డబ్బుతోనే చూస్తారు.

ఇప్పటి పరిస్థితి

ఏడాది తర్వాత చూస్తే నిద్ర కుదిరింది, రక్తహీనత పోయింది. పల్లె సంఘాల సమావేశానికి పెద్ద పాస్టరు అధ్యక్షత వహిస్తున్నారు, ఇతను లెక్కలు చదువుతాడు, మాట్లాడవలసి వస్తే చివర మాట్లాడతాడు. రెండో విడత పిండి పంపకానికి పేర్లు ఇన్సాకాలో పెద్దలు, స్త్రీల సమాజం వాళ్లు కలిసి చెప్పారు. ఇతను ఎవరికి ఎన్ని కిలోలు వెళ్లాయో రాసుకున్నాడు. దాతలకు వెళ్లిన లెక్క మొదటి విడతకన్నా స్పష్టంగా ఉంది.

తమిళ దంపతుల విషయం పూర్తిగా మానలేదు. ఇతనికన్నా ఏళ్ల ముందు వచ్చినవాళ్లు, ఆ ఈమెయిల్ తమను దాటిపోవడం వాళ్లను గాయపరిచింది. నర్సమ్మ అతన్ని సొంత తమ్ముడిలా చూసుకుంది గాని, ఆమె భర్త మనసు చివరిదాకా కుదుటపడలేదు. గడువు ముగిశాక వాళ్లు ఇంకో రాష్ట్రానికి మారిపోయారు. వాళ్ల గాయాన్ని ఎవరూ సమయానికి అడిగి తెలుసుకోలేదు. ఇలాంటి నియామకం జరిగినప్పుడు, నియమించబడనివాడితో కూడా అదే వారంలో మాట్లాడాలని ఇప్పుడు నేను ప్రతి కమిటీకీ చెబుతున్నాను.

అతను ఇంకో మూడేళ్లు ఉంటానని రాశాడు. ఆ ఉత్తరం మీద పెద్ద పాస్టరు సంతకం కూడా ఉంది. ఒంటి సంతకం ఖాతా సంగతి మళ్లీ ఎత్తుతూ నేను రాసిన లేఖ కమిటీ తదుపరి సమావేశం చర్చనీయాంశాల్లో చేరింది.